బుడగలు ఆగేదాకా

ఒక ఆదివారం పొద్దున్న మా ఇంటికి భార్యాభర్తలు వచ్చారు, పదో తరగతి చదివే అమ్మాయిని వెంటబెట్టుకుని. ఆయన నా పాత విద్యార్థి. ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పినదాన్ని కాబట్టి ఇలా వచ్చేవాళ్ళు నాకు కొత్త కాదు. వీళ్ళు వచ్చిన పని మాత్రం కొత్తది. మా అమ్మాయి ఊపిరితిత్తుల ఆపరేషన్లు చేసే డాక్టరని ఎవరో చెప్పారట. వాళ్ళ పిల్ల కూడా అదే చదువుతానంటోందట. కిందటేడు తాతయ్యకి ఛాతీలో చీము పట్టి ఆపరేషన్ చేయాల్సి వస్తే, సెలవులు కావడంతో పది రోజులు ఆయన మంచం పక్కనే కూర్చుంది. ఇంటికి వచ్చిన రోజు ఈ మాట అంది. ఏడాదైనా మాట మార్చలేదు.

"మొత్తం ఎన్నేళ్ళు పడుతుంది మేడమ్?" అని తండ్రి అడిగాడు. "ఆడపిల్ల తట్టుకోగలదాండీ?" అని తల్లి అడిగింది. పిల్ల ఏమీ అనలేదు. నేను కాఫీ గ్లాసులు లోపల పెట్టడానికి వెళ్తే, వెనకే వంటింట్లోకి వచ్చి మెల్లగా అడిగింది: "ఆపరేషన్ చేసేటప్పుడు కూడా ఊపిరి ఆడుతూనే ఉంటుంది కదండీ. అలా కదిలేదాన్ని ఎలా కోస్తారు?"

ముగ్గురూ అడిగినవాటిలో నాకు నచ్చింది ఆ పిల్ల అడిగినదే. అందుకే ముందు దానికే జవాబు చెప్పాను. మత్తు డాక్టరు రోగి గొంతులోంచి రెండు దారులున్న గొట్టం దించుతారు. ఒక దారి కుడి ఊపిరితిత్తికి, రెండోది ఎడమదానికి. ఆపరేషన్ చేయాల్సిన వైపు గాలి ఆపేసి, రెండోవైపు మాత్రమే ఊపిరి నడిపిస్తారు. గాలి ఆగిన ఊపిరితిత్తి ముడుచుకుని సర్జన్‌కి చోటిస్తుంది. ఆ గంటలన్నీ మనిషి ఒక్క ఊపిరితిత్తి మీదే ఉంటాడు. వంట్లో ఆక్సిజన్ తగ్గుతుంటే మత్తు డాక్టరు చెప్పాలి, సర్జన్ చెయ్యి ఆపాలి. "అయితే ఇద్దరూ మాట్లాడుకుంటూ చేయాలన్నమాట" అంది ఆ పిల్ల. పుస్తకం తెరవకుండానే ఈ పనిలోని అసలు సంగతి పట్టుకుంది. ఇటువంటి కోరికతో పిల్లలున్న ఇళ్ళు ఇంకా ఉంటాయి కనుక, ఆ రోజు వాళ్ళకి చెప్పినవీ, చెప్పడం మరిచినవీ ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక తేడా. దగ్గు, ఆయాసం, ఉబ్బసం, టీబీ, నెమ్ము వంటివాటికి మందులిచ్చి చూసే డాక్టరు పల్మనాలజిస్టు. ఎంబీబీఎస్ తర్వాత ఎండీ చేసి ఆ వైపు వెళ్తారు. ఛాతీ తెరిచి చేసేవాళ్ళు వేరు. వాళ్ళు ఎమ్మెస్ జనరల్ సర్జరీ వైపు నుంచి వస్తారు. చాలామంది పిల్లలు ఈ తేడా తెలియకుండానే 'లంగ్ సర్జన్' అనేస్తారు. రోగితో మాట్లాడుతూ, పరీక్షలు చూస్తూ, నెలల తరబడి ఒక జబ్బు వెంట నడవడం మీ పిల్లకి ఇష్టమా, చేత్తో పట్టుకుని సరిచేయడం ఇష్టమా? పదహారేళ్ళకి ఇది తేలదు. తేలాలని పట్టుబట్టకండి. ఎంబీబీఎస్‌లో వార్డుల్లో తిరిగి, హౌస్ సర్జన్‌గా ఏడాది చేశాక చాలామందికి తమ చెయ్యి ఎటు లాగుతోందో తెలుస్తుంది. అప్పటిదాకా బంధువుల ముందు పిల్లని 'మా లంగ్ సర్జన్' అని పిలవకపోతే మంచిది. ముద్దుగా పిలిచిన పేరే తర్వాత కాలికి బంధమవుతుంది.

ఇక పని ఎలా ఉంటుందో. మన దగ్గర ఛాతీ సర్జన్ల చేతికి వచ్చేవాళ్ళలో టీబీ మిగిల్చిన దెబ్బతో వచ్చేవాళ్ళు చాలామంది. ఎప్పుడో తగ్గిపోయిన టీబీ ఊపిరితిత్తిలో గుంట మిగిల్చి పోతుంది. ఆ గుంటలో బూజు పెరిగి బంతిలా తయారవుతుంది. ఒకరోజు దగ్గితే గుప్పెడు రక్తం పడుతుంది. మరికొందరికి నెమ్ము సరిగా తగ్గక, చీము ఊపిరితిత్తి చుట్టూ చేరి మందపాటి తొక్కలా గట్టిపడుతుంది. లోపల ఊపిరితిత్తి బాగానే ఉన్నా విచ్చుకోలేదు. ఆ తొక్కని ఓపిగ్గా, కింద ఉన్నది చిరగకుండా ఒలవాలి. ఆ పిల్ల తాతయ్యకి చేసింది అదే. రోడ్డు ప్రమాదాల్లో పక్కటెముకలు విరిగి గుచ్చుకున్నవాళ్ళు వస్తారు. గొర్రెల మందలూ కుక్కలూ కలిసి తిరిగే పల్లెల నుంచి హైడాటిడ్ తిత్తితో వచ్చేవాళ్ళుంటారు. కుక్క పేగుల్లో ఉండే ఎకైనోకాకస్ అనే చిన్న బద్దెపురుగు గుడ్లు మనిషి కడుపులోకి పోతే, కాలేయంలోనో ఊపిరితిత్తిలోనో నీళ్ళ తిత్తి పెరుగుతుంది. ఆ పురుగు బొమ్మ ఏటేటా బోర్డు మీద గీశాను గానీ, అది బత్తాయంత తిత్తిగా మనిషి ఛాతీలోంచి బయటికి వస్తుందని నాకు మా అమ్మాయి చెప్పేదాకా మనసుకి తట్టలేదు.

క్యాన్సర్ రోగులూ వస్తారు. వాళ్ళలో చాలామంది ఆలస్యంగా వస్తారు. ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తే టీబీ అనుకుని నెలల తరబడి ఆ మందులే వాడి, తగ్గకపోతే అప్పుడు పెద్దాసుపత్రికి వస్తారు. అప్పటికి కోయడానికి వీలుండదు. కాబట్టి ఈ చదువు చదివినవాళ్ళు 'ఆపరేషన్ చేస్తాం' అనడం ఎంత నేర్చుకోవాలో, 'ఆపరేషన్ వల్ల ఉపయోగం లేదు' అని ఎదుటి మనిషి కళ్ళలోకి చూసి చెప్పడం కూడా అంతే నేర్చుకోవాలి. మీరు పిల్లని పంపుతున్నది ఈ రెండు పనులకీ.

ఈ విద్య మనకి పరాయిదేం కాదు. మందుల్లేని కాలంలో, 1910లలోనే, డెన్మార్క్ నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ అనే డాక్టరు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ శానిటోరియం నడిపారు. ఆ రోజుల్లో టీబీకి మంచి గాలి, విశ్రాంతి, తిండి తప్ప పెద్దగా ఏమీ లేవు. ప్రపంచమంతటా డాక్టర్లు జబ్బు చేసిన ఊపిరితిత్తికి విశ్రాంతినివ్వాలని ఛాతీలోకి గాలి ఎక్కించి దాన్ని ముడిచేవారు. అదీ చాలకపోతే పక్కటెముకలు తీసి ఛాతీనే లోపలికి కుంగదీసేవారు. 1940ల చివర్లో రీవ్ బెట్స్ అనే అమెరికన్ సర్జన్ వెల్లూరు సీఎంసీకి వచ్చి ఛాతీ శస్త్రచికిత్సకి ఒక విభాగం మొదలుపెట్టారు. కానీ అప్పటికే, 1943లో, టీబీ మందు స్ట్రెప్టోమైసిన్ దొరికింది, 1952లో ఐసోనియాజిడ్ వాడుకలోకి వచ్చింది. పక్కటెముకలు తీసే ఆ కష్టమైన విద్యని ఏళ్ళ తరబడి నేర్చుకున్నవాళ్ళు, తమ కళ్ళముందే దాని అవసరం తగ్గిపోవడం చూశారు. జనం బతికారు కాబట్టి అది సంతోషించాల్సిన సంగతే. కానీ ఆ సర్జన్లు మళ్ళీ కొత్తది నేర్చుకోవాల్సి వచ్చింది. తర్వాతి తరానికీ అదే అయింది. అడుగు పొడవు కోతకి బదులు చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి చేయడం 1990లలో వచ్చింది, ఆ తర్వాత రోబో వచ్చింది. ఇవాళ పదో తరగతిలో ఉన్న పిల్ల సొంతంగా కత్తి పట్టే నాటికి ఏముంటుందో మనం ఊహించలేం. పిల్ల మనసులో నేర్చుకోవాలన్న ఆకలి ఉంటే చాలు. ఇవాళ్టి ఆపరేషన్ పేర్లు బట్టీ పట్టించే యూట్యూబ్ వీడియోలు దానికి అక్కర్లేదు.

ఇప్పుడు తండ్రి అడిగినది. ఇంటర్ బైపీసీ రెండేళ్ళు. నీట్ రాసి ఎంబీబీఎస్‌లో చేరితే నాలుగున్నరేళ్ళు, పైన హౌస్ సర్జన్ ఏడాది. మళ్ళీ నీట్ పీజీ, ఎమ్మెస్ జనరల్ సర్జరీ మూడేళ్ళు. మళ్ళీ సూపర్ స్పెషాలిటీకి మూడో నీట్, ఎంసీహెచ్ మూడేళ్ళు. మధ్యలో ఒక్క రోజు కూడా వృథా కాకపోతే పదో తరగతి నుంచి పదమూడున్నరేళ్ళు. ఏ ప్రవేశ పరీక్షకో ఒక ఏడాది అదనంగా పట్టడం మామూలు. మా అమ్మాయి ఎంబీబీఎస్‌లో చేరడానికి ఒక ఏడాది, పీజీకి ఒక ఏడాది ఎక్కువ తీసుకుంది. ఎంసీహెచ్ అయ్యేసరికి దానికి ముప్పై రెండు.

ఎంసీహెచ్‌లో మామూలుగా గుండె, రక్తనాళాలు, ఛాతీ కలిపి ఒకే కోర్సు, సీటీవీఎస్ అంటారు. మన దగ్గర నిమ్స్‌లో, ఉస్మానియాలో, తిరుపతి స్విమ్స్‌లో ఉంది. ఇందులో చేరినవాళ్ళ సమయం ఎక్కువగా గుండె ఆపరేషన్లకే పోతుంది. ఊపిరితిత్తులే తన పని అనుకున్నవాళ్ళు ఆ తర్వాత ఇంకో ఏడాదో రెండేళ్ళో వేరే చోట ఫెలోషిప్ చేయాల్సి రావచ్చు. రెండో దారి క్యాన్సర్ సర్జరీ ఎంసీహెచ్. హైదరాబాదు ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోట్ల అది చదివి, అందులో ఛాతీ వైపు వెళ్తారు. డీఆర్‌ఎన్‌బీ అనే మరో పద్ధతిలో ఎంబీబీఎస్ నుంచి నేరుగా ఆరేళ్ళ సీటీవీఎస్ శిక్షణ కూడా ఉంది. అమెరికాలో ఉన్న మన పిల్లలకి లెక్క వేరు. నాలుగేళ్ళ కాలేజీ, నాలుగేళ్ళ మెడికల్ స్కూలు, ఆపైన ఆరేళ్ళ రెసిడెన్సీ. లేదా అయిదేళ్ళు జనరల్ సర్జరీ చేసి మరో రెండుమూడేళ్ళు. ఎక్కడైనా ముప్పై దగ్గరికి రాక తప్పదు.

ఒక విచిత్రం చెప్పాలి. మొదటి గుమ్మం దగ్గర లక్షల మంది తోసుకుంటారు. మూడో గుమ్మం దగ్గర, గుండె, ఛాతీ సర్జరీకి, ఇటీవల కొన్ని సీట్లు ఎవరూ చేరక ఖాళీగా మిగిలాయి. అప్పటికి వాళ్ళకి ఇరవై ఏడేళ్ళు. తోటివాళ్ళు చర్మం డాక్టర్లుగా, రేడియాలజిస్టులుగా స్థిరపడి ఇళ్ళు కొంటుంటారు. ఇంకో మూడేళ్ళు రాత్రి డ్యూటీలు, ఆ తర్వాత పెద్ద సర్జన్ పక్కన మరికొన్నేళ్ళు అంటే చాలామంది వెనక్కి తగ్గుతారు. వాళ్ళని తప్పు పట్టలేం. కాబట్టి మీ పిల్ల ఈ దారిలో సాగుతుందా లేదా అన్నది మొదటి నీట్ ర్యాంకు చెప్పదు. ఇరవై ఏడేళ్ళ వయసులో, చేతిలో డబ్బు లేకుండా, పక్కవాళ్ళు ముందుకు పోతుంటే, ఇంకా ఇదే కావాలనిపిస్తుందా అన్నది చెప్తుంది. ఆ రోజు ఇంట్లోవాళ్ళు 'ఇంకెన్నాళ్ళు?' అనకుండా ఉండగలరా అన్నది కూడా.

అందుకే డబ్బు గురించి నా మాట కాస్త గట్టిగానే చెప్తాను. ఎంబీబీఎస్ మేనేజ్‌మెంట్ సీటు కోసం పొలం అమ్మేముందు, అది మూడు మెట్లలో మొదటిదని గుర్తుంచుకోండి. మొదటి మెట్టు మీదే ఇల్లంతా ఊడ్చి పెడితే, తర్వాత పిల్ల ఏ కోర్సులో చేరాలన్నా అప్పు లెక్క చూసుకునే చేరుతుంది. త్వరగా సంపాదన వచ్చేది చదవాల్సి వస్తుంది. లేదా ఇష్టం పోయినా మానలేక సాగుతుంది. నాన్న పొలం తన మీద ఉందని తెలిసిన పిల్ల, 'నాకిది వద్దు' అని ఎలా అంటుంది?

ఆ 'వద్దు' అనగలగడం, చేదు నిజం బయటికి చెప్పగలగడం గురించే నేను అసలు చెప్పాలనుకున్నది.

చిన్నప్పుడు సైకిల్ పంక్చర్ వేయించి ఉంటారు. షాపతను ట్యూబులో గాలి కొట్టి, నీళ్ళ తొట్టిలో ముంచి, కొంచెం కొంచెంగా తిప్పుతాడు. బుడగ వచ్చిన చోట వేలు పెడతాడు. ఊపిరితిత్తి ఆపరేషన్‌లో కూడా అచ్చం అదే చేస్తారు. ఒక భాగం తీసేశాక, ఛాతీ మూసేముందు, లోపల గోరువెచ్చని సెలైన్ నింపుతారు. "ఊపిరివ్వండి" అని సర్జన్ అంటే, మత్తు డాక్టరు ఆగిన ఊపిరితిత్తిని మెల్లగా ఉబ్బిస్తారు. అందరూ నీళ్ళలోకి చూస్తారు. బుడగ వస్తే మళ్ళీ కుట్టు వేస్తారు. ఆ తర్వాత కూడా ఛాతీలోంచి ఒక గొట్టం బయటికి తెచ్చి, నీళ్ళున్న బాటిల్లో ముంచి మంచం పక్కన పెడతారు. రోగి దగ్గినప్పుడు అందులో బుడగలు వస్తుంటే ఇంకా ఎక్కడో లీకు ఉన్నట్టే. అవి ఆగేదాకా ఆ గొట్టం తీయరు. తాతయ్య మంచం పక్కన కూర్చున్న ఆ పిల్ల రోజంతా చూసింది ఆ బాటిల్నే. "ఎనిమిదో రోజు ఆగాయండీ" అంది నాతో.

అలసిపోయిన సర్జన్ నాలుగు గంటలు నిలబడ్డాక ఒక చిన్న బుడగ చూస్తుంది. తను తప్ప ఎవరూ చూడలేదు. చూడనట్టు ఊరుకుంటే పది నిమిషాల్లో ఇంటికి వెళ్ళొచ్చు. చెప్తే ఇంకో అరగంట, పైగా ఆ కుట్టు సరిగా వేయనిది తనే అని అందరికీ తెలుస్తుంది. చెప్పే అలవాటు ఉన్న మనిషే అక్కడ చెప్తుంది. ఆ అలవాటు ఇరవై ఎనిమిదేళ్ళకి కొత్తగా రాదు. ఇంట్లో, పదో తరగతి ప్రోగ్రెస్ కార్డు దగ్గర మొదలై ఉండాలి.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తాను. 2010లో మా అమ్మాయి ఇంటర్ పాసైంది. అప్పట్లో ఎంసెట్. సీటు రాలేదు. లాంగ్ టర్మ్ కోచింగ్‌కి హాస్టల్లో చేర్పించాం. ఆదివారం పరీక్ష పెట్టేవారు, సోమవారం రాత్రి నేను ఫోన్ చేసేదాన్ని. "ఎన్ని?" అన్నది నా మొదటి మాట. అది చెప్పిన మార్కులు వారం వారం కొంచెం కొంచెం పెరిగాయి. నేను సంతోషించాను. నాలుగు నెలల తర్వాత పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్తే నోటీసు బోర్డు మీద జాబితా అంటించి ఉంది. దాని మార్కులు పెరగలేదు. మొదటి నెలకన్నా తగ్గాయి.

బస్టాండులో కూర్చుని ఎందుకలా చేశావని అడిగాను. అది ఏడవలేదు. "తక్కువని చెప్తే నువ్వు మాట్లాడవమ్మా. ఫోన్ పట్టుకుని అలా ఊరుకుంటావు. ఆ చప్పుడు లేనితనం నేను వినలేను" అంది. నేనెప్పుడూ దాన్ని కొట్టలేదు, తిట్టలేదు. పక్కింటివాళ్ళతో పోల్చలేదు. నేను మంచి తల్లినే అనుకుంటూ ఉన్నాను. ఫోన్‌లో నేను ఊరుకున్న ఆ నాలుగు క్షణాలు నా పిల్లకి అబద్ధం నేర్పాయి. పదిహేనేళ్ళయినా ఆ బస్టాండు దాటుతుంటే నాకు గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

ఆ తర్వాత ఏదో పెద్ద మార్పు వచ్చేసిందని చెప్పను. "ఎన్ని?" అనే మాట మానడానికే నాకు నెలలు పట్టింది. ముందు అన్నం గురించి, తర్వాత స్నేహితుల గురించి అడగడం నేర్చుకున్నాను. మార్కులు అది చెప్తే వినడం, చెప్పకపోతే ఊరుకోవడం. ఒకసారి నలభై శాతం వచ్చాయని చెప్పినప్పుడు, "చెప్పినందుకు సంతోషం" అన్నాను. అవతల అది ఏమీ అనలేదు. కానీ తర్వాతి వారం అదే ముందు ఫోన్ చేసింది.

ఎంసీహెచ్‌లో ఉండగా ఒకరోజు రాత్రి రెండింటికి ఫోన్ వచ్చింది. "అమ్మా, ఇవాళ నా చేతిలో ఒక రక్తనాళం చిరిగింది. సార్ ఆపగలిగారు. మనిషి బాగానే ఉన్నాడు. కానీ చింపింది నేనే" అంది. ఊపిరితిత్తికి వెళ్ళే పెద్ద రక్తనాళం గోడ పల్చగా ఉంటుంది. అది చిరిగితే క్షణాల్లో ఛాతీ రక్తంతో నిండుతుంది. అంతకన్నా నాకు తెలిసింది లేదు, అర్థం చేసుకోవాల్సింది కూడా లేదు. గంటసేపు విన్నాను. ఆ వారం సమావేశంలో, ప్రొఫెసర్లూ జూనియర్లూ అందరి ముందూ నిలబడి, ఎక్కడ ఎలా తప్పిందో అదే చెప్పిందట. ఆసుపత్రుల్లో అలాంటి సమావేశాలు ఉంటాయి. ఎవరి మీదో నింద వేయడానికి పెట్టరు, మరొకరి చేతిలో అదే చిరగకుండా ఉండడానికి పెడతారు. నోరు విప్పగలిగే డాక్టర్లుంటేనే వాటికి అర్థం ఉంటుంది.

ఇంత పెద్ద విద్యలో తప్పు ఒప్పుకోవడం ఎంత విలువైనదో చెప్పడానికి నాకు ఎవార్ట్స్ గ్రాహం అనే సర్జన్ గుర్తొస్తాడు. 1933 ఏప్రిల్ 5న అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలో ఆయన క్యాన్సర్ వచ్చిన ఒక ఊపిరితిత్తిని ఒకే ఆపరేషన్‌లో మొత్తంగా తీసేశాడు. అలా తీశాక రోగి బతికి కోలుకోవడం అదే మొదలు. రోగి కూడా డాక్టరే, జేమ్స్ గిల్మోర్. గ్రాహం సిగరెట్లు బాగా తాగేవాడు. పొగ వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుందంటే నమ్మలేదు. ఎర్న్‌స్ట్ విండర్ అనే వైద్య విద్యార్థి దాన్ని పరిశీలిస్తానంటే మాత్రం అడ్డుపడలేదు. 684 మంది రోగుల వివరాలు చేతికి వచ్చాక, ఇంతకాలం తను పొరపడ్డానని ఒప్పుకుని, 1950లో ఆ విద్యార్థితో కలిసి ఆ సంగతి ప్రకటించాడు. సిగరెట్ మానేశాడు. అప్పటికే ఆలస్యమైంది. 1957లో ఆయన ఊపిరితిత్తుల క్యాన్సర్‌తోనే పోయాడు. ఆయన ఆపరేషన్ చేసిన గిల్మోర్ ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు బతికాడు. నాకైతే ఆయన చేసిన ఆపరేషన్‌కన్నా ఒక కుర్రాడు తెచ్చిన లెక్కల ముందు తల వంచడమే గొప్పగా అనిపిస్తుంది.

ఇక తల్లి అడిగినది, ఆడపిల్ల తట్టుకోగలదా అని. అయిదారు గంటలు నిలబడే పని, రాత్రి డ్యూటీలు. ఇవి మగపిల్లలకీ కష్టమే. 1960లోనే నీనా బ్రౌన్‌వాల్డ్ అనే ఆవిడ అమెరికాలో గుండె తెరిచి కృత్రిమ కవాటం అమర్చింది. కాబట్టి చేతకాదేమో అన్న మాట పక్కన పెట్టండి. మీ అసలు భయం పెళ్ళి గురించి, అది నాకు తెలుసు. ఎమ్మెస్ మధ్యలో ఇరవై అయిదు వస్తుంది. చుట్టాలు అడుగుతారు. చదువయ్యేదాకా పెళ్ళి మాటే ఎత్తకూడదనీ అననక్కర్లేదు, మంచి సంబంధం పోతుందని తొందరపడనక్కర్లేదు. వచ్చేవాళ్ళకి మాత్రం, నెలలో ఎన్ని రాత్రులు ఈ పిల్ల ఇంట్లో ఉండదో ముందే, స్పష్టంగా చెప్పండి. దాచి చేసిన పెళ్ళిళ్ళు ఎలా అవుతాయో నేను చూశాను.

రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయని భయపడే పిల్లలుంటారు. మొదటిసారి థియేటర్లో పడిపోయినవాళ్ళు తర్వాత మంచి సర్జన్లయ్యారు. దాన్ని పెద్దగా తీసుకోకండి. ఎడమచేతి వాటం ఉంటే మార్చాలని చూడకండి. కత్తెరలూ పనిముట్లూ ఎక్కువగా కుడిచేతివాళ్ళ కోసం చేసినవే గానీ, ఎడమచేత్తో చేసే సర్జన్లు ఉన్నారు. సూదీ దారం మగపిల్లల చేతికి కూడా ఇవ్వండి, బటన్ కుట్టుకోనివ్వండి. ఇంట్లో పెద్దవాళ్ళకి జబ్బు చేస్తే పిల్లల్ని పరీక్షల పేరు చెప్పి గదిలో పెట్టి తలుపు వేయకండి. ఆ పిల్ల తాతయ్య పక్కన కూర్చున్న పది రోజుల్లో నేర్చుకున్నది ఏ కోచింగ్ సెంటరూ నేర్పలేదు.

మనసు మారితే? మారవచ్చు. ఆపరేషన్ అయిన రోగి మళ్ళీ ఊపిరి నిండా పీల్చేది సర్జన్ ఒక్కరి వల్ల కాదు. మూడు బంతులున్న ప్లాస్టిక్ స్పైరోమీటర్ చేతికిచ్చి "ఇంకొంచెం, ఇంకొంచెం" అని వెంటపడే ఫిజియోథెరపిస్టు ఉంటుంది. రాత్రంతా ఆ బాటిల్లో బుడగలు చూసి రాసే నర్సు ఉంటుంది. మత్తు డాక్టరు, పల్మనాలజిస్టు, రేడియాలజిస్టు ఉంటారు. వీటిలో దేని వైపు వెళ్ళినా మీ పిల్ల ఓడిపోయినట్టు కాదు. అసలు వైద్యం వైపే వెళ్ళకపోయినా కాదు. ప్రతి ఏడూ ఇంటర్ ఫలితాలు వచ్చే వారం పేపర్లో పిల్లల గురించి వచ్చే వార్తలు మీరూ చదువుతారు. ఆ పిల్లలకి ఇంట్లో ఒక చేదు మాట చెప్పుకునే చోటు ఉండి ఉంటే అని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది. మీ పిల్ల తిండి మానేసినా, మాట మానేసినా, నిద్ర పట్టకపోయినా, చదువు పక్కన పెట్టి ముందు దాని దగ్గర కూర్చోండి. టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపే సహాయ కేంద్రం ఉంది, 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు. తెలుగులో మాట్లాడతారు. పిల్లలే కాదు, మీరు కూడా చేయొచ్చు.

ఆ రోజు వాళ్ళు వెళ్ళేటప్పుడు ఆ తండ్రికి ఇవన్నీ చెప్పలేదు. బస్టాండు సంగతి మాత్రం చెప్పాను. చెప్పులు వేసుకుంటూ విని, తల ఊపి వెళ్ళాడు.

మొన్న ఆయన ఫోన్ చేశాడు. పిల్ల ఇప్పుడు ఇంటర్ మొదటి ఏడు. "మేడమ్, ఫిజిక్స్‌లో చాలా తక్కువ వచ్చాయంటండీ. తనే చెప్పింది."

"మీరేమన్నారు?"

"అన్నం తిన్నావా అని అడిగానండీ." కాసేపు ఆగాడు. "అప్పుడు ఇంకో విషయం కూడా చెప్పింది."

అదేమిటో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.